సినిమా రాకముందు జయంతి

ఇష్టపడి చదువుకున్న నవలను సినిమాగా తీస్తున్నారని తెలిస్తే ఒకప్పుడు మా ఇళ్లలో గుబులు పుట్టేది. సంతోషం లేక కాదు. నెలనెలా కాచుకుని చదివిన కథ, మనది అనుకున్న కథ వెండితెరకి ఎక్కుతోందంటే గర్వంగానే ఉండేది. ఆ గర్వం ఒక పూటకి మించి నిలిచేది కాదు. సాయంత్రానికి ‘ఎవరు తీస్తున్నారట?’ అని మొదలయ్యేది. రాత్రి అన్నాల దగ్గర ‘ఎవరు వేస్తున్నారట?’ మర్నాడు నీళ్ల బిందెల దగ్గర ‘చివర మార్చేస్తారేమోనే!’

ఆ పత్రికలు పోయాయని, అద్దె లైబ్రరీలు పోయాయని అందరూ అంటూనే ఉంటారు. వాటితోపాటు ఈ గుబులు కూడా పోయింది. పోయిన వస్తువుల జాబితాలో దాన్ని ఎవరూ రాసుకోలేదు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మాది తెనాలి. మా ఇంటికి వారపత్రిక ఒక్కటే డబ్బులిచ్చి తెప్పించేవాళ్లం, ఆంధ్రప్రభ. మిగతావి, ఆంధ్రపత్రిక, యువ, జ్యోతి, వీధిలో చేతులు మారుతూ వచ్చేవి. ఎవరింటికి ఏది వస్తుందో అందరికీ తెలుసు. పక్కింటి యువ మా ఇంటికి రావడానికి వారం పట్టేది, మా ప్రభ అటు వెళ్లడానికి రెండు రోజులు. ఇంట్లో వరస తప్పేది కాదు. ముందు తాతయ్య, తర్వాత అమ్మ, ఆ తర్వాత మా పిన్ని. ఆఖరున, ఎవరూ చూడకుండా, నేను.

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన రోజుల్లో నాకు చదవడం అప్పుడప్పుడే వస్తోంది. కథ నాకు తెలిసింది పిన్ని వల్ల, ఆమె కుట్టిన పుస్తకం వల్ల. నెలనెలా తన వంతు అయ్యాక, పత్రిక గలవాళ్లని బతిమాలుకుని, ఆ పేజీలు బ్లేడుతో కోసి తెచ్చుకునేది. బియ్యం డబ్బా కింద పెట్టి అణిచేది. కథ పూర్తయ్యాక దబ్బనంతో మూడుచోట్ల పొడిచి పురికొసతో కుట్టింది. వీపుకి పాత చీర అంచు, దాని మీద మైదా ఉడికించిన జిగురు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. అచ్చు పుస్తకం బజార్లో దొరికినా పిన్ని కొనలేదు. ఆమె దగ్గరున్న దానిలో కథతోపాటు ఆ నెలలన్నీ ఉన్నాయి. పేజీ వెనక తలనూనె ప్రకటనలు, సగానికి తెగిపోయిన వేరేవాళ్ల కథ, ప్రతి నెలా మొదట్లో నాలుగు వాక్యాల్లో జరిగిన కథ, చివర ‘సశేషం’. ఆ నాలుగు వాక్యాల జరిగిన కథ ఎవరు రాసేవారో గాని, పిన్నికి ఎప్పుడూ నచ్చేది కాదు. అసలు సంగతి వదిలేశారనేది.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. పాఠకులకి సినిమా కంటే ముందు దొరికిన ముఖాలు చిత్రకారులు ఇచ్చినవే. బాపు, వడ్డాది పాపయ్య, తర్వాతి రోజుల్లో చంద్ర, బాలి. వాళ్లు గీసిన అమ్మాయికి కళ్లు ఉండేవి, జడ ఉండేది, పమిట అంచు గాలికి కదిలేది. ముఖం మాత్రం కొంత మనకే వదిలిపెట్టేవారు. నాలుగు గీతలు గీసి ఊరుకున్న చోట చదివేవాళ్లు తమకి కావలసినవాళ్లని కూర్చోబెట్టుకున్నారు. అమ్మ దృష్టిలో సెక్రటరీ నాయిక జయంతి చామనఛాయ. పిన్ని దృష్టిలో సన్నగా, కళ్లద్దాలు లేకపోయినా కళ్లద్దాలు పెట్టుకునే మనిషిలా ఉంటుంది. ఎదురింటి అక్క జయంతి అంటే తన సొంత మేనత్తనే ఊహించుకుంది. నవలలో ఉన్నది ఒక్క జయంతి. మా వీధిలో కనీసం పదిమంది ఉండి ఉంటారు, ఒకరితో ఒకరికి పేచీ లేకుండా.

పత్రికలు అందనివాళ్లకి అద్దె లైబ్రరీ ఉండేది. మారిస్‌పేట వైపు ఒక చిన్న గది. ముందు బల్ల, వెనక చెక్క అరలు. ప్రతి పుస్తకానికి గోధుమరంగు కాగితం అట్ట, దాని మీద సిరాతో నంబరు. కొంత డిపాజిట్టు కట్టాలి, ఆపైన రోజుకి ఇన్ని పైసలని. పుస్తకం ఒక్క రోజులో తిరిగిచ్చేస్తే మిగిలిన పైసలతో ఇంకోటి తెచ్చుకోవచ్చు కాబట్టి ఆడపిల్లలు పొయ్యి ముందు కూర్చుని కూడా చదివేవాళ్లు. మార్జిన్లలో పెన్సిలు రాతలు: ‘పాపం’, ‘నిజమే’, ఒకచోట ‘నేనైతే వెళ్లేదాన్ని కాదు’. ఆ చివరి మాట రాసిన అమ్మాయి ఎవరో తెలుసుకోవాలని నాకు చాలాకాలం ఉండేది.

ఈ గుబులు మా తరంతో మొదలైంది కాదు. తాతయ్యకి ‘దేవదాసు’ విషయంలో పట్టుకుంది. బెంగాలీ రచయిత శరత్ బాబు నవలల్ని తెలుగువాళ్ల ఇళ్లలోకి తెచ్చింది మా ఊరి చక్రపాణి గారే. క్షయ జబ్బుకి మదనపల్లె శానిటోరియంలో వైద్యం చేయించుకుంటూ అక్కడే బెంగాలీ నేర్చుకున్నారాయన. ఆ అనువాదాలు చదివిన తెనాలివాళ్లకి శరత్ బాబు కలకత్తాలో ఉంటాడంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు, కృష్ణ కాలువ గట్టునెక్కడో ఉండి ఉంటాడనిపించేది. 1953లో డి.ఎల్. నారాయణ గారు దేవదాసు తీస్తున్నారని, వేదాంతం రాఘవయ్య గారు దర్శకుడని, నాగేశ్వరరావు వేస్తున్నాడని తెలిసినప్పుడు తాతయ్య బాధపడ్డారట. సైగల్ నటించిన హిందీ దేవదాస్ ఆయన చూశారు. నాగేశ్వరరావు అంటే అప్పటికి ఆయనకు ‘బాలరాజు’, ‘కీలుగుఱ్ఱం’. కత్తి పట్టినవాడు సీసా పడితే ఎవరు చూస్తారని ఆయన దిగులు.

సినిమా చూసి వచ్చాక తాతయ్య ఆ మాట వెనక్కి తీసుకున్నారు. కళ్లు మత్తుగా కనిపించడం కోసం నాగేశ్వరరావు పెరుగన్నం తిని రాత్రిళ్లు షూటింగ్ చేశాడన్న సంగతి తర్వాతెప్పుడో తెలిసి మరీ మెచ్చుకున్నారు. అయినా ఆయనకి ఒక లోటు మిగిలిపోయింది. అది నాకు పదిహేనేళ్లప్పుడు చెప్పారు. “సినిమా గొప్పదేనమ్మా. కానీ ఆ తర్వాత పుస్తకం తెరిస్తే నాగేశ్వరరావే దగ్గుతున్నాడు. నా దేవదాసు ఎలా ఉండేవాడో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.”

చెత్త సినిమా నవలను పాడుచేస్తుందని అందరూ భయపడతారు. తాతయ్య చెప్పింది వేరు. మంచి సినిమా ఇంకా ఎక్కువ పట్టుకుపోతుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘ఏకవీర’ 1969లో సినిమాగా వచ్చింది. సి.ఎస్. రావు దర్శకత్వం, నారాయణరెడ్డి గారి మాటలు, రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున. నవల వచ్చిన భారతి సంచికల్ని తాతయ్య ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. మధుర వీధులు, నాయక రాజుల కాలం, నోరు విప్పకుండా లోపల్లోపలే కుమిలిపోయే నలుగురు మనుషులు, వాళ్లలో ఒకరు మీనాక్షి. అలా మనసులో జరిగేదాన్ని కెమెరా ముందు ఎలా జరిపిస్తారని ఆయన ముందునుంచీ అడుగుతూనే ఉన్నారు. మాటలు చాలా బాగున్నాయని చూసొచ్చాక ఒప్పుకున్నారు. సినిమా అంతగా ఆడలేదు. ఆడనందుకు అందరూ అయ్యో అంటుంటే తాతయ్య మాత్రం, “పోనీలే, నా మీనాక్షి నాకు మిగిలింది” అన్నారు.

అమ్మ గుబులు ఇంకో రకం. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభలో చదివి అమ్మ ఆ కథని సొంత పుట్టింటి కథలా చూసుకుంది. చనిపోయిన చెల్లెల్ని మరొకరి భార్యలో చూసుకునే డాక్టరు, ఆ అభిమానాన్ని అపార్థం చేసుకునే లోకం. దాన్ని అన్నపూర్ణా వారు ‘డాక్టర్ చక్రవర్తి’గా తీస్తున్నారని, నాగేశ్వరరావు, సావిత్రి వేస్తున్నారని తెలిసి అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. దేవదాసు, పార్వతి అన్నాచెల్లెళ్లంటే ఎవరు నమ్ముతారు? నవలలో లోకం చేసిన పొరపాటే హాల్లో కూర్చున్న జనమూ చేస్తారు కదా! నటుల పాత వేషాలు కొత్త కథలోకి జొరబడతాయని, దాన్నుంచి నవలకి రక్షణ లేదని అమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. వంటింట్లో నిలబడి తనంతట తానే ఆలోచించింది.

ఆదుర్తి సుబ్బారావు గారు ఆ గండం దాటించారు. జగ్గయ్య గారి అనుమానం తెర మీద బరువుగా కూర్చుంది. సావిత్రి ఒక్క చూపుతో పార్వతిని మరిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాదే, 1964లో, నంది అవార్డులు మొదలుపెడితే ఉత్తమ చిత్రంగా మొదటి బంగారు నంది దీనికే వచ్చింది. దుక్కిపాటి మధుసూదనరావు గారు చదువుకున్న నిర్మాత అని, అంతకుముందు శరత్ బాబు ‘నిష్కృతి’ని ‘తోడికోడళ్ళు’గా తీసింది ఆయనేనని అమ్మకి అప్పటికి తెలియదు. తెలిస్తే అంత బెంగ పెట్టుకునేది కాదేమో. నవలలో లేని శ్రీశ్రీ పాట ఒకటి ఆ కథకి జతపడింది. అమ్మ బతికున్నంతకాలం దాన్ని పాడుకుంటూనే ఉంది. నవల నుంచి పట్టుకుపోవడమే కాదు, సినిమా ఇలా కొంత ఇచ్చిపోవడం కూడా జరిగేది. అది చెప్పకపోతే అన్యాయం.

1971లో ‘ప్రేమనగర్’ వచ్చింది. కౌసల్యాదేవి గారి నవలే. సినిమా పోతే కారంచేడు వెళ్లి వ్యవసాయం చేసుకుందామనుకున్నానని నిర్మాత రామానాయుడు గారు తర్వాత చెప్పుకున్నారు. పోలేదు సరికదా, తమిళంలో శివాజీ గణేశన్‌తో, హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ తీశారు. ఈ రోజు ప్రేమనగర్ అనగానే జనం నాగేశ్వరరావుని, వాణిశ్రీని, ఆత్రేయ పాటల్ని, మహాదేవన్ బాణీల్ని తలుచుకుంటారు. నవల రాసిన ఆవిడ పేరు అడిగితే చెప్పేవాళ్లు ఎందరు? నాకు ఇది బాధగా ఉంటుంది. ఆడవాళ్లు రాస్తేనే పత్రికలు అమ్ముడుపోతాయని మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం అది. అంత వెలిగిన పేరు సినిమా పోస్టరు కింద చిన్న అక్షరాల్లోకి వెళ్లిపోయింది.

సులోచనారాణి గారి ‘మీనా’ సంగతిలో మాత్రం పిన్ని ధైర్యంగా ఉంది. 1973లో దాన్ని విజయనిర్మల గారు తీశారు. తెలుగులో ఆమెకి దర్శకురాలిగా అదే మొదటి సినిమా, మీనా వేషం కూడా ఆమెదే. రాసిందీ ఆడమనిషే, తీసిందీ ఆడమనిషే, ఇంకేం కావాలని పిన్ని వాదన. 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు మా ఇంట్లో పాత పాఠకులంతా సగం సినిమాకే మీనాని గుర్తుపట్టి ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం.

ఇక సెక్రటరీ.

పిన్ని గురించి కొంచెం చెప్పాలి. సెక్రటరీ నవల వచ్చేనాటికి ఆమె స్కూలు ఫైనలు పాసై ఇంట్లో ఉంది. వనితా విహార్‌లో సెక్రటరీగా చేరిన జయంతి, తన జీతం తాను తెచ్చుకునే జయంతి, ఎంత డబ్బున్నవాడి ముందైనా తల వంచని జయంతి ఆమెకి నెలనెలా ఇంటికి వచ్చే స్నేహితురాలు. ఆ నవల చదువుతున్న రోజుల్లోనే పిన్ని బోసు రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. లోయరు పాసైంది, హయ్యరు పాసైంది. తాతయ్య ముందు వద్దన్నా, చివరికి గుంటూరులో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వస్తే ఒప్పుకున్నారు. అలా పిన్ని రోజూ పొద్దున ప్యాసింజరు ఎక్కడం మొదలైంది. అంగలకుదురు, సంగంజాగర్లమూడి, వేజెండ్ల, గుంటూరు. పెళ్లయ్యాక కూడా తెనాల్లోనే ఉండి అదే బండిలో తిరిగింది.

లేడీస్ పెట్టెలో టీచర్లు, నర్సులు, క్లర్కులు ఉండేవాళ్లు. 1975లో సెక్రటరీని రామానాయుడు గారే తీస్తున్నారని, ప్రేమనగర్ తీసిన కె.ఎస్. ప్రకాశరావు గారే దర్శకుడని వార్త రాగానే ఆ పెట్టె రెండుగా చీలిపోయిందని పిన్ని చెబుతుంది. పేచీ అంతా రాజశేఖరం గురించి. యద్దనపూడి నాయకుడంటే ఆరడుగుల మనిషి, పెద్ద కారు, తక్కువ మాటలు. నవల చదివిన ప్రతి అమ్మాయికీ అతని ఎత్తు ముందు గుర్తుండేది. ఆ వేషం వేస్తున్న నాగేశ్వరరావు గారు యాభై దాటారు, పొడగరి కాదు, పైగా 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఆ పెట్టెలో ఉన్నారు. “ఆయన కోలుకుని మళ్లీ వేషం వేస్తున్నారు, అదే చాలు మనకి” అన్నది ఒక నర్సు. “ఆయన బాగుండాలి తల్లీ, కాదన్నదెవరు? రాజశేఖరం కూడా బాగుండాలిగా!” అన్నది ఒక టీచరమ్మ. వేజెండ్లలో క్రాసింగుకి బండి ఆగిపోయిన రోజున ఈ వాదన అరగంట సాగిందట.

జయంతి విషయంలో అంత గొడవ లేదు. వాణిశ్రీ అనగానే అందరూ సరేనన్నారు. ఆమె కొప్పు చూసి కొప్పు పెట్టుకుంటున్న, ఆమె జాకెట్టు చూసి జాకెట్టు కుట్టించుకుంటున్న రోజులు. పిన్ని ఒక్కతే గొణిగింది. వాణిశ్రీ కట్టే చీరలు జయంతి జీతానికి వస్తాయా అని. ఆ ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత ఆ గొడవ మొత్తంలో గట్టి ప్రశ్న అదొక్కటే అనిపిస్తుంది.

1976లో సినిమా వచ్చింది. పిన్ని, అమ్మ, నేను మ్యాట్నీకి వెళ్లాం. ఆడవాళ్ల టిక్కెట్ల కిటికీ దగ్గర వరస వీధి మలుపు దాటింది. లోపల పాటల పుస్తకం కొన్నాం. అందులో కథ సగం చెప్పి, మిగిలింది వెండితెర మీద చూడమని ఉంటుంది కదా, అది చదివి వెనక వరసలో ఒకావిడ, మాకు మొత్తం తెలుసమ్మా అని పెద్దగా అన్నది. హాలంతా నవ్వారు. ఆ హాల్లో చాలామందికి మొత్తం తెలుసు. ఏ సీను వస్తుందో తెలుసు, వచ్చిందా రాలేదా అని లెక్క చూసుకోవడానికే వచ్చారు. తర్వాత ఏమవుతుందోనని ఎవరికీ ఆత్రం లేదు. నేను చిన్నప్పుడు చూసిన హాళ్లలో అంత శ్రద్ధగా కూర్చున్న జనాన్ని మళ్లీ చూడలేదు.

సినిమా బాగుంది. నాగేశ్వరరావు గారు ఎత్తుని నడకతో పూరించారు. ఆయన తల తిప్పి చూసే తీరు, మాట మధ్యలో ఆగే తీరు రాజశేఖరానికి అతికినట్టు సరిపోయింది. టీచరమ్మ కూడా మర్నాడు బండిలో ఒప్పుకుందట. పాటలు ఊరంతా మోగాయి. పిన్ని మాత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి అన్న మాట ఇది: “ఆ ప్రేమ అంతా ఉందే. ఆ ఉద్యోగమే కనబడలేదు.”

ఆఫీసు లేదని కాదు ఆమె ఫిర్యాదు. బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఫోను ఉంది. పిన్నికి తెలిసిన ఆఫీసు వేరు. కార్బన్ పేపర్లు మూడు పెట్టి కొట్టిన కాయితంలో చివరి వరసలో తప్పు పడితే మళ్లీ మొదటినుంచి కొట్టడం, స్టెన్సిలు చిరిగితే పై అధికారి చూసే చూపు, ఒకటో తారీకున సంతకం పెట్టి జీతం లెక్కపెట్టుకుంటున్నప్పుడు వేళ్లకి తెలిసే బలం. ఇవన్నీ నవలలోనూ వరసగా రాసి లేవు. అయినా నవల చదువుతున్నప్పుడు ఆమెకి కనిపించాయి. ఒక మాట, ఒక విరామం దొరికితే చాలు, మిగతాది పాఠకురాలు తన బతుకులోంచి తెచ్చి పెట్టుకుంటుంది. తెర మీద ఆ సందు దొరకదు. రెండున్నర గంటల్లో ఆరేడు పాటలు పోను, మిగిలింది అందరికీ ఉమ్మడిగా నచ్చేదే అయి ఉండాలి. ఉమ్మడిగా నచ్చేది ప్రేమ. అందులో దర్శకుడి తప్పు లేదు. వేలమంది కూర్చునే హాలుకి వేరే దారి లేదు.

అందుకే ఆ గుబులు సరైనదేనని నేను నమ్ముతాను. జనం ఎత్తు గురించి, వయసు గురించి, చీరల గురించి మాట్లాడుకున్నారు, ఎందుకంటే పైకి చెప్పుకోగలిగినవి అవే. లోపల భయం వేరే దాని కోసం. నాకు మాత్రమే కనిపించినది పోతుందేమోనన్న భయం అది. బండిలో కూర్చున్న ఒక్కొక్కరికీ ఆ నవలలో ఒక్కొక్క చోటు ఉంది. ఆ చోటు పేరు ఎవరికీ చెప్పలేరు, సినిమావాళ్లకి ఉత్తరం రాసి కాపాడమని అడగలేరు.

సినిమా విడుదలైన నెలకి అద్దె లైబ్రరీకి వెళ్తే సెక్రటరీ పుస్తకాల అట్టలు మారిపోయాయి. గోధుమరంగు కాగితం మీద విజయచిత్ర నుంచి కత్తిరించిన నాగేశ్వరరావు, వాణిశ్రీ బొమ్మలు అంటించారు. అద్దెకి గిరాకీ పెరిగింది. కొత్తగా చదివే పిల్లలందరికీ రాజశేఖరం ముఖం పుస్తకం తెరవకముందే దొరికింది. వాళ్లలో ఎవరైనా రాజశేఖరం ఎలా ఉంటాడని వాదించుకోగా నేను వినలేదు. వాదించడానికి ఏముంది, అట్ట మీదే ఉన్నాడు.

ఆ తర్వాతి మలుపు త్వరగానే వచ్చింది. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ గారి నవలలు ఊపేశాయి. వాటి నుంచి ‘అభిలాష’, ‘ఛాలెంజ్’, ‘రాక్షసుడు’ సినిమాలు వరసగా వచ్చాయి. నేను ఆ నవలల్ని ఇష్టంగానే చదివాను, సినిమాల్నీ ఇష్టంగానే చూశాను. కానీ మా తమ్ముడి తరం నవల చదువుతుండగానే చిరంజీవిని చూసేది. సీరియల్ నడుస్తుండగానే ఇది ఎవరు తీస్తారు, ఇళయరాజా పాట ఎక్కడ వస్తుంది అని లెక్కలు వేసుకునేవాళ్లు. వాళ్లకి గుబులు లేదు, ఆత్రం ఉంది. నవల సినిమాకి ముందు మెట్టయింది. అది తప్పని అనను. నాకు పరాయిగా అనిపించేది, అంతే.

ఆ తర్వాత పత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తాతయ్య దాచుకున్న భారతి, మా వీధిలో తిరిగిన ఆంధ్రపత్రిక, పాపయ్య గారి ముఖచిత్రాల కోసం మేము కొట్టుకున్న యువ, పిన్ని బ్లేడుతో కోసిన జ్యోతి. దూరదర్శన్‌లో సులోచనారాణి గారి కథతోనే ‘ఋతురాగాలు’ వచ్చినప్పుడు మధ్యాహ్నం చదువుకునే వేళ కాస్తా చూసే వేళ అయింది. అద్దె లైబ్రరీ గదిలో కొన్నాళ్లు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చారు. తర్వాత సెల్‌ఫోన్ల రీచార్జి దుకాణం పెట్టారు. 2018 మే నెలలో సులోచనారాణి గారు అమెరికాలో పోయారని తెలిసిన రోజు పాత రైలు స్నేహితురాళ్లలో మిగిలినవాళ్లు పిన్నికి ఫోను చేసి, ఆవిడ కథల్లో ఎవరికి ఏది ఇష్టమో మళ్లీ మొదటినుంచి చెప్పుకున్నారట. పిన్ని కుట్టుకున్న పుస్తకం అప్పటికే లేదు. మైలుతుత్తం వేసినా ఇల్లు మారినప్పుడు వానకి తడిసి అట్ట, జిగురు విడిపోయాయి. విడివిడి పేజీలు ఎవరు పారేశారో తెలియదు.

ఇప్పుడూ నవలలు సినిమాలవుతున్నాయి, వెబ్ సిరీస్‌లవుతున్నాయి. విడుదలయ్యాక ఇది ఫలానా నవల అని ఎవరో చెబితే తెలుస్తుంది. ముందే చదివి, ఒక ఊరి ఊరంతా చదివి, ఒకే పేజీ దగ్గర నెలరోజులు ఆగిపోయి ఉంటే కదా భయపడటానికి! ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకం చదువుతున్నారు, మంచివే చదువుతున్నారు. పక్కింటివాళ్లు అదే చదివారో లేదో తెలియదు. అందరిదీ అయిన నవల లేనప్పుడు అందరి గుబులు ఎక్కణ్నించి వస్తుంది?

పిన్నికి ఎనభై దాటింది. మొన్న ఫోనులో మా అమ్మాయి ఆమెని సరదాగా అడిగింది, ఈ రోజుల్లో సెక్రటరీ మళ్లీ తీస్తే రాజశేఖరంగా ఎవరు బాగుంటారు మామ్మా అని. ఇప్పటి హీరోల పేర్లు ఒక్కొక్కటే చదివింది. పిన్ని ఒక్కొక్కరి గురించి ఓపికగా విన్నది. ఆరడుగులున్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారని సంతోషించింది కూడా.

“రాజశేఖరాన్ని ఎవరినైనా పెట్టుకోమను” అన్నది చివరికి. “జయంతి చేత మాత్రం పని చేయించమను. పొద్దున బండి అందుకోవడం దగ్గర్నుంచి చూపించమను.”